రష్యా బాసు బొంద, మా బీరమ్మ బొంద

ఫిబ్రవరి 22, ఆదివారం

బీరమ్మ తల ఎటుదిక్కున్నదో ఐదేండ్ల సంది అడుగుతున్న. ఎవ్వడు చెప్పడు.

చేవెళ్ల సమాధుల తోటల నా చేతితోని తవ్వని బొంద తక్కువ. పెద్దోళ్లకు తవ్విన, పసిపిల్లలకు తవ్విన, నాతోని మాట లేనోళ్లకు గూడ తవ్విన. ఒక్కటి వంకర పోలే. తల పడమర, కాళ్లు తూర్పు. ప్రభువు తూర్పుకెళ్లి వస్తడు. లేచి కూసుంటే మొఖం ఆయన దిక్కు ఉండాలె. మా నాయిన గట్లనే చెప్పిండు, నేను గట్లనే చేసిన.

నా పెండ్లాం బీరమ్మ పోయిననాడు మాత్రం నేను పట్నం దవాఖానల ముక్కుకు గొట్టం వెట్టుకొని పన్న. కరోనా. ఇద్దరికి వచ్చింది, ఆమె పోయింది. నేను బయటపడి వచ్చేసరికి గోడ పక్కన పెట్టిన నలుగురి మీద కలిపి ఒక్కటే గచ్చు పోసిండ్రు. పేర్లు చెక్కిచ్చిండ్రు. బీరమ్మ పేరు కొసకున్నది. తల ఎటో, కాళ్లు ఎటో గచ్చు మీదికెళ్లి చూస్తే ఏం కనపడ్తది.

ఇయ్యాల ఆరాధన అయినంక సంఘం సెక్రటరి రత్నాకర్‌ను మళ్ల అడిగిన. బీరమ్మకు వరుసకు తమ్ముని కొడుకు అయితడు. ఆమెను పెట్టిననాడు సంఘం కెళ్లి పోయింది ఈయన ఒక్కడేనట. "మామా, దేవునికి దిక్కులుంటయా?" అన్నడు.

"దేవునికి లేవు. బొందకున్నయి" అన్న.

నవ్విండు. కారెక్కిండు. కమిటీల పెడత అన్నడు. అన్నడంతే.

ఫిబ్రవరి 25, బుధవారం

సేటు విశ్వేశ్వర్ వచ్చిండు. చేవెళ్లల సిమెంటు దుకాణం ఆయనది. అజీజ్‌నగర్ల ఈ ఫారంహౌజ్ ఆయనది. వాచ్‌మన్‌ను నేను. సినిమావాళ్లకు కిరాయికిచ్చిండట.

"సాలోమోనూ, వాళ్లతోని లొల్లి పెట్టుకోకు. ఏదడిగితే అది చెయ్యి."

"ఏం సినిమా సేటూ?"

"రష్యా రౌడీల సినిమా. తెలుగుదే. నరుక్కుంటరు, నవ్విస్తరు."

"నరుక్కుంట నవ్విచ్చుడేంది?"

"నాకేమెర్క. మా బిడ్డ చెప్పింది, గిప్పుడు గదే నడుస్తున్నదట."

నాకేం. వాళ్లున్నా లేకున్నా ఒక్కటే. కుక్క అరుస్తది, మోటరు నడుస్తది, నేను గేటుకాడ కూసుంట.

ఫిబ్రవరి 27, శుక్రవారం

వచ్చిండ్రు. వ్యాన్లు, లారీలు, గొడుగులు. గేటు తీసి తీసి చెయ్యి గుంజుతున్నది.

డైరెక్టరు ఆడపిల్ల, తేజస్వి. సన్నగ మాట్లాడుతది గని ఎంత పెద్ద మొగోడైనా ఆమె చెప్పినట్టే ఇంటడు. రష్యా రౌడీలు అంటే అందరు రష్యోళ్లు గాదు. సగం మంది మనోళ్లే, జుట్టుకు పసుపచ్చ రంగేసుకున్నరు. ఈ ఎండల బొచ్చు టోపీలు పెట్టుకొని మొయినాబాద్ కెళ్లి సోడాలు తెప్పిచ్చుకుంటున్నరు. నిజం తెల్లోడు ఒక్కడే. గిరిగోరి. ఒంటె లెక్క పొడుగు. వాడే రౌడీల బాసు. గోవాల ఉంటడట, తెల్ల తోలు కావాల్నంటే పిలుస్తరట.

రక్తం చక్కెర పాకంతోని చేస్తరు. వరండ అంత చీమలు వట్టినయి. కడిగేది నేను.

మార్చి 1, ఆదివారం

చర్చికి పోలే. బస్సు రాలే.

బస్సు వచ్చింది. గిరిగోరి ఒకని మెడ కోసే సీను ఉండె, చూడాల్నని ఆగిన.

మార్చి 3, మంగళవారం

మాపటికి తేజస్వి హాల్ల తెర కట్టి అందరికి ఒక సినిమా చూపిచ్చింది. నిజం రష్యా రౌడీలది. గీ తీరుగ తియ్యాలె మనం అని చెప్పింది. నేను గడపకాడ నిలవడ్డ. "కూసో తాతా" అని కుర్చీ వేయిచ్చింది.

ఏం సినిమా అది. ఒకడు ఇంకొకన్ని కాల్చి చంపి, వాని బూట్లు ఇడిసి తన కాళ్లకు వెట్టి చూసుకుంటడు. బిగువైనయని చచ్చినోన్నే తిడ్తడు. అందరు పడి పడి నవ్వుతున్నరు. పీనుగను కార్ల వెనుక సీట్ల కూసోవెట్టి, పోలీసోడు ఆపితే దాని చెయ్యి వట్టి సలాం కొట్టిస్తరు. అప్పుడు నాకు గూడ నవ్వొచ్చింది. నోటికి తువ్వాల అడ్డం వెట్టుకున్న. శ్రమల దినాలు నడుస్తున్నయి, ఈస్టర్ దాక నవ్వులాటలు వద్దని చర్చి అయ్యగారు చెప్పిండు.

సినిమా అయినంక తేజస్వి అడిగింది, ఎట్లున్నది తాతా అని.

"చచ్చినోన్ని ఎవడు బొంద వెట్టలే. ఏడ వారేసిండ్రో చూపియ్యలే" అన్న.

"అది ముఖ్యం గాదు తాతా."

"నీకు గాదు."

తెర ఇప్పుకుంట "నువ్వేం పని చేసెటోనివి?" అనడిగింది. చెప్పిన.

మార్చి 5, గురువారం

నాకు పని ఇచ్చిండ్రు. వాచ్‌మన్ పని గాదు, నా పని.

సినిమా కథ గిట్ల ఉన్నది. రష్యా రౌడీలు మన మొయినాబాద్‌ల దాక్కుంటరు. దావత్‌ల మటన్ బొక్క గొంతుల ఇరికి బాసు చస్తడు. మిగిలినోళ్లు గాబరవడి మామిడిచెట్ల నడుమ బొంద వెడ్తరు. నాల్గొద్దులకు యాదికొస్తది, లాకరు తెరువాల్నంటె బాసు బొటనవేలు కావాలె. మళ్ల తవ్వుతరు. అప్పటికెళ్లి ఒకన్నొకడు చంపుకొనుడే. ఆఖరుకు వంటోడు ఒక్కడు మిగుల్తడు.

బాసు బొంద నన్ను తవ్వుమన్నరు. పొద్దుగాలనే గడ్డపార తీసిన. ఎర్రమట్టి, కింద మొరం. మంచిగ తెగింది. పడమర తల, తూర్పు కాళ్లు, గోడలు సక్కగ చెక్కిన. నా లోతు తవ్విన. పైకెళ్లి చూస్తే నేను కనవడలే.

తేజస్వి వచ్చి చూసి తల పట్టుకున్నది. "తాతా, కెమెరాకు లోపలి మనిషి ఎట్ల కనవడ్తడు? మోకాలి లోతు చాలు!"

"మోకాలి లోతుల మనిషిని పెడ్తే నక్కలు తింటయి."

"వాడు చావడు తాతా, షాటు అయినంక లేస్తడు."

సగం మళ్ల పూడ్చిన. తవ్విన బొందను మనిషిని పెట్టకుండనే పూడ్చుడు నా బతుకుల మొదటిసారి. నడుములు పోయినయి. అందరు నవ్విండ్రు.

గిరిగోరిని పండవెట్టిండ్రు. తూర్పు దిక్కు తల వెట్టి పండిండు. చెట్టు నీడ గా దిక్కున్నది, వెలుగు మంచిగొస్తదట. నేను ఆగలే. బొందల దిగి, వాని భుజం వట్టి అటు తిప్పిన. పడమర చూపిచ్చి నా తల మీద కొట్టుకున్న, తూర్పు చూపిచ్చి కాళ్లు చూపిచ్చిన. గిరిగోరి సూర్యుని దిక్కు చెయ్యి చూపిచ్చి, రొమ్ము మీద సిలువ గీసుకున్నడు. మా చర్చోళ్లం గీసుకోం, అది వేరే. తిరిగి నేను చెప్పినట్టు పన్నడు. తేజస్వికి ఇంగ్లీషుల ఏందో చెప్పిండు.

"వాళ్ల ఊర్ల గూడ గట్లనే పెడ్తరట తాతా."

"మరి నా పని చేసెటోడు ఒకడు అక్కడ గూడ ఉంటడన్నట్టు" అన్న.

వెలుగు సరిగ రాలే. మళ్ల తిప్పి తీసిండ్రు. ఆమె సినిమా, ఆమె ఇష్టం.

మార్చి 6, శుక్రవారం

అన్నం తినేటప్పుడు గిరిగోరి నా పక్కన కూసుంటున్నడు. కారం తినలేడు, పెరుగన్నం తింటడు. వాని భాష నాకు రాదు, నా భాష వానికి రాదు. మంచిగున్నది. వాళ్లమ్మ చచ్చిపోతే పోలేకపోయిండట, తేజస్వి చెప్పింది. ఆడ యుద్ధమట.

నా గిన్నెల పెరుగు తీసి వానికి ఏసిన.

మార్చి 9, సోమవారం

ఇయ్యాల నన్ను యాక్టింగు చేయమన్నరు.

రౌడీలు బాసును మళ్ల తవ్వి తీసే సీను. బొందలు తవ్వెటోన్ని దొరకవట్టుకొని తెచ్చుకుంటరు, వాన్ని నేను. "పార పట్టుకొని వస్తవు తాతా. 'తల ఎటు పెట్టిండ్రు?' అని అడుగుతవు. గంతే. ఎవనికి తెల్వది. అక్కడ్నించి లొల్లి, కాల్పులు" అన్నది తేజస్వి.

ఆమెకు బీరమ్మ సంగతి నేను చెప్పలే. ఈడ ఎవ్వరికి చెప్పలే. ఆమెకు ఎట్ల తట్టిందో ఆమెకే ఎర్క. గిరిగోరిని తిప్పినందుకు తట్టిందేమో.

మొదటిసారి మాట రాలే. రెండోసారి కెమెరా ఆయన "జర గట్టిగ తాతా" అన్నడు. మూడోసారి పార నేలకు గుద్ది అడిగిన.

"తల ఎటు పెట్టిండ్రు?"

రౌడీలందరు ఒకన్నొకడు చూసుకున్నరు. ఒకడు టోపీ సర్దుకున్నడు. ఒకడు గోరు కొరికిండు. అచ్చం మా కమిటీ.

సుకుమార్ అని మన యాక్టరే, రష్యా రౌడీ ఏషం, వాడన్నడు, "తల నేనే పట్టుకున్న."

పక్కోడు, "థూ, నువ్వు పట్టుకొని ఏడ్చింది నా తల. బాసు తల ఎవడు పట్టలే!"

"మరి బాసు తల ఎట్లొచ్చింది బొందలకు?"

"బాసు వెంట వచ్చింది!"

ఒకడు పిస్తోలు తీసిండు. ఢాం ఢాం. పాకం నా అంగీ మీద గూడ పడ్డది. అందరు చచ్చి పడ్డరు. కట్. చప్పట్లు. పడ్డోళ్లు పండుకొనే నవ్వుతున్నరు.

"తాతా, అసలు యాక్టింగే లేదు! ఏడ నేర్చుకున్నవ్?" అన్నది తేజస్వి.

"చేవెళ్లల" అన్న.

నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

మార్చి 10, మంగళవారం

అంగీకి పాకం పోతలేదు.

మార్చి 14, శనివారం

జేసీబీ వచ్చింది. చచ్చిన రౌడీలందరిని వంటోడు ఒక్కడే బొంద వెట్టాలె, చేతితోని ఎన్నని తవ్వుతడు, అందుకే జేసీబీ తెప్పిస్తడు. కథ అది. డ్రైవరు జంగయ్య, మన చేవెళ్లోడే.

నాకు మిషను చూస్తేనే మంట. "మనిషిని గిట్ల మిషనుతోని పెడ్తర్రా? చెత్తా చెదారమా?" అన్న.

జంగయ్య బీడీ ముట్టిచ్చిండు. "ఏం జేస్తం పెద్దయ్యా. కరోనల నేనెంత మందికి తవ్విన. మీ చర్చోళ్లకు గూడ తవ్విన. నీకెర్క లేదా?"

"చర్చి తోటల నువ్వు తవ్వినవా?"

"గోడ పక్కన. నలుగురికి. మిషను లోపల తిరగలే, గోడ పొంటి పొడుగ్గ కొట్టిన."

గోడ పొంటి. ఆ గోడ ఉత్తరం నుంచి దక్షిణానికి పోతది. నేను రాళ్లు మోసిన గోడ అది, నాకు తెల్వదా.

"తల ఎటు పెట్టిండ్రు?" అన్న.

పక్కనున్నోళ్లు కిసుక్కున నవ్విండ్రు. సినిమా మాట అనుకున్నరు.

జంగయ్య నవ్వలే. నా మొఖం చూసి బీడీ పారేసిండు. "తెల్లబట్టలోళ్లు దించిండ్రు పెద్దయ్యా. నల్ల సంచి, జిప్పు. తల ఎటో కాళ్లెటో నాకు కనవడలే. నీ మనిషా?"

"కాదు" అన్న.

పోయి మోటరు ఏసిన. మొక్కలకు నీళ్లు పట్టిన. పొద్దున పట్టిన మొక్కలకే మళ్ల పట్టిన.

మార్చి 15, ఆదివారం

పోలే.

మార్చి 16, సోమవారం

ఉత్తరమో దక్షిణమో. పడమర అయితే కాదు. ఐదేండ్లు నేను పడమరా తూర్పా అని అడిగిన. రెండూ గావు.

మార్చి 20, శుక్రవారం

రత్నాకర్ ఫోన్ చేసిండు. ఐదేండ్లల ఆయన నాకు చేసుడు గిదే మొదలు. పార పట్టుకొని నేను మాట్లాడేది ఎవడో సెల్లుల తీసి తిప్పిండట, సంఘమంత చూసిండ్రట.

"ఏంది మామా గిది? శ్రమల దినాలల్ల రక్తాలు, తుపాకులు, నవ్వులాటలు. బొందల మీద ఎకసెక్కం. ఎవరెవరి బొందలు తవ్విన చేతులు మామా అవి? కమిటీకి బాధైంది. మట్టల ఆదివారం వచ్చి సంఘం ముందల క్షమాపణ అడుగు. లేకుంటే ఈస్టరుకు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం నీకు ఇయ్యొద్దంటున్నరు."

"వస్త" అన్న.

"మంచిది మామా."

"అడుగుత" అన్న. ఏమడుగుతనో చెప్పలే.

మార్చి 24, మంగళవారం

పోయిండ్రు. పొద్దుగాలనే సామాన్లు ఎక్కిచ్చిండ్రు. తేజస్వి కాళ్లకు మొక్కింది, సినిమా రిలీజైతే కారు పంపి తీస్కపోతనన్నది. సినిమావాళ్లు అంటరు. గిరిగోరి వ్యాన్ల కిటికీకి తల ఆనిచ్చి నిద్రపోతున్నడు. లేపలే.

బొందలన్ని పూడ్చిన. బాసుది గూడ. ఒక్కడు లేడు లోపల, అయినా పూడ్చినంక పైన మట్టి సక్కగ గుట్ట చేసిన, చెయ్యి ఊకోలే.

వాళ్లున్నా లేకున్నా ఒక్కటే.

అన్నం ఒండిన. ఎక్కువైంది. కుక్కకు పెరుగేసి కలిపి పెట్టిన.

మార్చి 29, మట్టల ఆదివారం

మట్టలు పట్టుకొని పిల్లలు హోసన్నా పాడుకుంట ఊరు తిరిగిండ్రు. నేను చర్చిల వెనుక బెంచి మీద కూసున్న. ప్రకటనలప్పుడు రత్నాకర్ నా దిక్కు చూసిండు. లేచిన.

"నా పేరు సాలోమోను. సినిమాల నవ్విన, నిజమే. పాకం కడుక్కున్న. మీకు కోపమొచ్చినందుకు చెప్పేది ఇంతే. గని నేను ఆ సినిమాల అడిగిన మాట, అంతకుముందు మీ అందరిని అడిగిన మాటే. సినిమాల ఎవనికి తెల్వక కాల్చుకున్నరు. మీరు కాల్చుకోలే, మంచిది. జవాబు గూడ చెప్పలే."

అయ్యగారు కొత్తగ వచ్చినాయన, ఏంది ఏంది అని రత్నాకర్‌ను అడుగుతున్నడు. ముసలోళ్లు తల దించుకున్నరు. నేను కూసున్న.

ఆరాధన అయినంక రత్నాకర్ నన్ను చర్చి వెనుకకు తీస్కపోయిండు. బీపీ ఉన్నట్టున్నది, చెమట తుడుసుకుంటున్నడు.

"జంగయ్య చెప్పిండు నాకు, గోడ పొంటి అని" అన్న. "తల ఏ దిక్కు? నువ్వొక్కనివే పోయినవట ఆనాడు. నువ్వే చెప్పాలె."

మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. రత్నాకర్‌ను నేను పసిపిల్లగాడప్పటికెళ్లి చూస్తున్న. గిట్ల చూడలే.

"నేను కారు దిగలే మామా."

"ఏంది?"

"గేటు దాక పోయిన. కారు దిగలే. అద్దాలెత్తుకొని కూసున్న. ఇంట్ల చిన్నపిల్లలు, అత్తకు అంటుకున్నట్టు నాకంటుకుంటే ఎట్ల అని. ప్రార్థన గూడ కార్లనే చేసిన. వాళ్లు అయిపోయింది అని చెయ్యి ఊపిండ్రు, తిరిగొచ్చిన. అత్తను నేను చూసిందంటే గదే, నల్ల సంచి, దూరం నుంచి." ఆయన కండ్లల్ల నీళ్లొచ్చినయి. "నువ్వు అడిగినప్పుడల్ల ఏం చెప్పాలె మామా? దిక్కు తెల్వదని చెప్తే, ఎందుకు తెల్వదని అడుగుతవు గద."

తిట్టాల్ననుకున్న. ఐదేండ్లు కూడవెట్టిన తిట్లున్నయి. ఒక్కటి గూడ నోటికి రాలే. ఎవడు దిగెటోడు ఆ దినాల. నేనైతే దిగెటోన్ని. అని అనుకుంటున్న.

"గచ్చు పగులగొట్టి చూద్దామా" అన్న.

"నలుగురు మనుషులు మామా లోపల. నలుగురి ఇంటోళ్లు ఒప్పుకోవాలె, కలెక్టరాఫీసు ఒప్పుకోవాలె. వద్దు మామా. కదిలియ్యొద్దు."

కదిలియ్యొద్దు. అది నాకు గూడ తెలుసు. పెట్టినోన్ని కదిలియ్యరు. ఆ సినిమాల ఒక్క వేలు కోసం తవ్వినోళ్లకు ఏమైందో చూసిన.

బస్సుల మొయినాబాద్ దాక నిలవడే వచ్చిన. సీటున్నది. కూసోబుద్ధి కాలే.

మార్చి 31, మంగళవారం

నిన్నంత ఆలోచన చేసిన. ఇయ్యాల సేటుకు చెప్పి చేవెళ్ల పోయిన. తోటల గచ్చుకాడ నిలవడ్డ. బీరమ్మ పేరున్న కొసకు, గచ్చుకు బాటకు నడుమ, ఒక మనిషి పట్టే జాగున్నది. గోడ పొంటి పొడుగ్గ అయితేనే పడ్తది. తూర్పు పడమరగ అయితే బాటకు అడ్డమొస్తది.

రత్నాకర్ ఇంటికి పోయిన. ఛాయ్ పోయిచ్చిండు. చెప్పిన, నా జాగ అదే, నన్ను ఆడనే గోడ పొంటి పెట్టాలె.

"ఉత్తరం దక్షిణమా?" గ్లాసు కింద పెట్టిండు. "మామా, నువ్వే గద వంకర పోవద్దని మమ్మల్ని సంపుక తిన్నది! ఒక్క బొంద అటు పెడ్తే వరుస పోతది. రేపు ఇంకొకడు అడుగుతడు. కమిటీ ఒప్పుకోదు."

"కమిటీల నువ్వు లేవా?"

"అత్త తల ఏ దిక్కో మనకు తెల్వకపాయె. నీ తల ఏ దిక్కు పెట్టమంటవు?"

ఛాయ్ తాగి లేచి వచ్చిన. బస్సు ఎక్కినంక దానికి బదులు దొరికింది. రేపు పొద్దుగాల ఫోన్ల చెప్త. మరిచిపోకుండ రాసుకుంటున్న.

రత్నాకర్, ఇను. నా తల ఏ దిక్కు పెట్టినా పర్వాలే. ఆమె దిక్కే వడ్తే, పక్కపక్కన లేస్తం, నేనే ఆమె భుజం వట్టి తూర్పుకు తిప్పుత. గిరిగోరిని తిప్పినట్టే, కష్టమేం గాదు. ఎదురు దిక్కు వడ్తే, ఎదురుబొదురు లేస్తం. పోయేటప్పుడు నేను ఆమె మొఖం చూడలే. లేవంగనే ముందల ఆమె మొఖం కనవడ్తది, తర్వాతనే ప్రభువు. ఆయన జరసేపు ఆగుతడు, ఆయనకు తెలుసు.

నువ్వు కారు దిగకపోతివి. అది నేను ఎవ్వరికి చెప్పను, చెప్పలే. దానికి బదులు నాకేం వద్దు. ఇది వేరే అడుగుతున్న. నాకు ఆ జాగ ఇస్తరా ఇయ్యరా, కమిటీ మనుషులను ఒక్కతాన కూసోవెట్టి అడుగు. ఈస్టరు అయినంక అనొద్దు. శుక్రవారం, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన ఉన్నది. నేను ముందల బెంచి మీదనే కూసుంట. ఏడో మాట అయ్యేలోపల నువ్వు నా కాడికి వచ్చి, ఔనన్నా అను, కాదన్నా అను. నడిచి రావాలె. శుక్రవారమే.